తాళం చూపించింది.. బహుమతి దక్కలేదు

నల్లమందు నొప్పిని చంపుతుందని తాతల కాలం నుంచీ తెలుసు. ఒంట్లో అది పనిచేసే చోటును మాత్రం 1972 దాకా ఎవరూ స్పష్టంగా చూపించలేకపోయారు. చూపించింది ఓ 26 ఏళ్ల విద్యార్థిని. పేరు కాండేస్ పెర్ట్. చదువుతున్నది అమెరికాలోని బాల్టిమోర్‌లో.

1970లో గుర్రం మీంచి పడి ఆమె వెన్నుపూస దెబ్బతింది. ఆసుపత్రిలో మార్ఫిన్ తరహా మందు ఇవ్వగానే నొప్పి పోయింది, హాయి కమ్మింది. ఈ మందును పట్టుకునేదేదో ఒంట్లో ఉండాలి కదా అన్న ఆలోచన అప్పటి నుంచీ తొలుస్తూనే ఉంది. అలా పట్టుకునేదాన్నే రిసెప్టర్ అంటారు. తాళంలాంటిదన్నమాట.

వద్దన్నా వినలేదు

జాన్స్ హాప్కిన్స్ వర్సిటీలో ఆమెకు గైడు సోలమన్ స్నైడర్. ప్రయోగాలు వరసగా బెడిసికొట్టాయి. ఇక చాలించమని ఆయన చెప్పారని, తాను చాటుగా కొనసాగించానని 1997లో వచ్చిన తన పుస్తకంలో పెర్ట్ రాశారు. ఈసారి తాళం తీసే చెవిని కాకుండా, తాళంలో గట్టిగా ఇరుక్కుని దాన్ని తెరవనివ్వని చెవిని ఎంచుకున్నారు. అదే నలాక్సోన్. రేడియోధార్మికత ఎక్కించిన ఆ మందును నూరిన ఎలుక మెదడులో కలిపి, వడగట్టి, కడిగారు. కడిగినా మందు వదల్లేదు. తాళం ఉందని తేలిపోయింది! 1973 మార్చిలో ‘సైన్స్’ పత్రికలో వ్యాసం వచ్చింది. మొదటి పేరు ఆమెదే. న్యూయార్క్‌లో ఎరిక్ సైమన్, స్వీడన్‌లో లార్స్ టెరేనియస్ కూడా ఆ ఏడాదే విడివిడిగా ఇదే తేల్చారు.

గసగసాల పాల కోసం మెదడులో తాళం ఎందుకుంటుంది? చెవి ఒంట్లోనే తయారవుతుండాలి. దాన్ని 1975లో స్కాట్లండ్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ పట్టుకున్నారు. ఎన్‌కెఫాలిన్ అని పేరు పెట్టారు.

1978లో లాస్కర్ అవార్డు ఆ ఇద్దరికీ, స్నైడర్‌కూ వచ్చింది. పెర్ట్ పేరు లేదు. ల్యాబ్ ఆయనది, అనుభవం ఆయనది. కాదనలేం. కానీ రాత్రీపగలూ చేసిన చేతులు ఎవరివి? ఆమె ఊరుకోలేదు. తనను పక్కన పెట్టారంటూ మేరీ లాస్కర్‌కే ఉత్తరం రాశారు. పెద్ద రచ్చే అయింది.

తర్వాత ఎయిడ్స్ కోసం ఆమె రూపొందించిన పెప్టైడ్-టి మందుగా నిలబడలేదు. మనసుకీ ఒంటికీ ముడిపెడుతూ చెప్పిన మాటల్ని చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. 2013లో, 67వ ఏట కన్నుమూశారు.

ఆ నలాక్సోన్ మాత్రం మత్తుమందు మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్నవాళ్లను బతికిస్తోంది. ముక్కులో కొట్టే స్ప్రేగా, డాక్టర్ చీటీ లేకుండా అమ్మడానికి 2023లో అమెరికా అనుమతిచ్చింది.