చుట్టూ మోగే గడియారాలు

కళ్లు మూసుకోండి. మీ స్నేహితుణ్ణి ఏదో ఒక పక్క నుంచి చిటిక వేయమనండి. ఎటు నుంచో ఠక్కున చెప్పేస్తారు! ఎలాగంటారా? ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. కుడి పక్క వేసిన చిటిక ఎడమ చెవికి చేరడానికి సెకనులో సుమారు 1,500వ వంతు ఆలస్యమవుతుంది. తల అడ్డు రావడం వల్ల కాస్త మెల్లగానూ వినిపిస్తుంది. ఈ పాటి తేడా మెదడుకు చాలు. ముందా, వెనకా, పైనా అన్నది తేల్చడానికి చెవిదొప్ప మడతలు తోడ్పడతాయి.

పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు బృందం 1973లో 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' అనే రాక్ ఆల్బమ్ విడుదల చేసింది. అందులో ఒక పాట గడియారాల మోతతో మొదలవుతుంది. ఇంజనీరు అలన్ పార్సన్స్ పాత గడియారాల దుకాణానికి వెళ్లి ఒక్కోదాన్నీ విడివిడిగా రికార్డు చేశాడు. స్టూడియోలో వాద్యాలనూ గొంతులనూ 16 ట్రాకుల టేపు మీదకు ఎక్కించారు. అలా వేర్వేరుగా దాచిన ధ్వనులే తర్వాత అక్కరకొచ్చాయి. స్టీరియోలో అన్నీ రెండు స్పీకర్లలోనే ఇమడాలి. 2003లో జేమ్స్ గుత్రీ వాటిని వినేవారి చుట్టూ పరిచాడు. 2023 నాటి డాల్బీ అట్మాస్ రూపంలో తల పైనుంచి కూడా వినిపిస్తాయి. గిటారు వెనక నుంచి రావడం నాకు నచ్చదు గానీ, గడియారాలు మాత్రం చుట్టూ మోగాల్సిందే!

మరి ఇయర్‌ఫోన్లలోనో? ఆ ఆలస్యాన్నీ, చెవి మడతలు చేసే మార్పునూ కంప్యూటరు లెక్కగట్టి కలుపుతుంది. అయితే ఆ లెక్క సగటు చెవికి. మీ మడతలు వేరైతే ముందు మోగిన గంట వెనక మోగినట్టు అనిపించవచ్చు.