సహనమంటే మౌనం కాదు

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగింది. మన తాడేపల్లిలో నది ఒడ్డు లోతట్టు ఇళ్లు నీట మునిగాయి. నీరు తీసాక సరుకులు పంచడానికి వెళ్తే, ఒక తల్లి బియ్యం సంచి తీసుకుని కూడా కదల్లేదు. "మాస్టారూ, వాన చప్పుడు వింటే చాలు, రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నాను. ఎవరికి చెప్పినా సబ్ర్ చెయ్యమంటున్నారు" అన్నారు. నేనూ అదే మాట అనబోయి ఆగాను. పావుగంట విన్నాను. ఆమె కష్టం తీరలేదు గానీ ముఖం కాస్త తేటపడింది.

సబ్ర్ అంటే బాధను దాచుకోవడం కాదు. కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు ప్రవక్త ముహమ్మద్ (స) కన్నీరు పెట్టారు. దుఃఖపడటం విశ్వాసంలో లోపం కాదు.

ఆపద వేళ గుండె దడదడలాడటం, నిద్ర పట్టకపోవడం సహజం. శరీరం మనల్ని కాపాడుకునే తీరు అది. ఆపద పోయినా కొందరిలో ఆ కంగారు తగ్గదు. మిర్చి ధర పడిపోయిన కౌలురైతుకైనా, ఇంటర్ తప్పిన పిల్లవాడికైనా ఇదే జరుగుతుంది.

అలాంటప్పుడు కొన్ని చిన్న పనులు ఉపకరిస్తాయి. గాలి నెమ్మదిగా పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలాలి. ఐదు నిమిషాలు అలా చేస్తే దడ తగ్గుతుంది. కోపం వస్తే, నిలబడి ఉన్నవారు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని ప్రవక్త (స) బోధించారు. మాట జారకముందే మనసుకు కాస్త వ్యవధి దొరుకుతుంది. ఫజ్ర్ నమాజు తర్వాత అరగంట నడక, వేళకు భోజనం, పడుకునే ముందు ఫోను పక్కన పెట్టడం మంచివి. అన్నిటికంటే ముఖ్యం, నమ్మకమైన ఒక్కరికైనా బాధ చెప్పుకోవడం. మద్యం, డాక్టరు రాయని నిద్రమాత్రలు బాధను వాయిదా వేస్తాయే తప్ప తీర్చవు.

రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే డాక్టరును కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోను చేయవచ్చు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరానికి మందు వేసుకుంటూ దువా చేస్తాం కదా! ఇదీ అంతే.

దాతలకు నా మనవి ఒక్కటే. మీరిచ్చే ప్రతి సరుకుల సంచిలో 14416 రాసిన కాగితం ఒకటి పెట్టించండి. ఇచ్చేటప్పుడు ఐదు నిమిషాలు కూర్చుని, వాళ్లు చెప్పేది వినండి. ఆ దానానికి డబ్బు అక్కర్లేదు.