అన్నీ పాటించు, ఒక్కటి తప్పించు

హైదరాబాద్‌లో ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చుని బతికే మనిషిని. పెళ్లి వీడియోల నుంచి వెబ్ సిరీస్‌ల దాకా ఏదొస్తే అది కోస్తాను. షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలు కూడా హార్డ్ డిస్కులు పట్టుకుని వస్తుంటారు. అందులో సగానికి పైగా దెయ్యం కథలే. ఎందుకో ఊహించడం కష్టం కాదు. స్టార్ అక్కర్లేదు, ఫైట్లు అక్కర్లేదు. ఒక ఇల్లు, ఒక రాత్రి, సరిగ్గా భయపడగల ఒక మొహం దొరికితే సినిమా మొదలైపోయినట్టే.

ఆ డిస్కుల్లో మొదటి రెండు నిమిషాలు ఏముంటాయో చూడకుండానే చెప్పేయొచ్చు. పైనుంచి డ్రోన్‌లో ఊరు. గుడ్లగూబ. కుక్క ఏడుపు. తలుపు కిర్రుమంటుంది. గడియారం పన్నెండు కొడుతుంది. తెల్లచీర అంచు. కెవ్వున కేక, టైటిల్! తీసిన కుర్రాడు నా మొహంలోకి చూస్తాడు: “ఎలా ఉందన్నా?” భయం వేయలేదురా అంటే నీరుగారిపోతాడు. తర్వాత వచ్చే మాట కూడా నాకు తెలుసు: “అయితే అవన్నీ పీకేసి కొత్తగా తీస్తానన్నా.” అక్కడే వాణ్ని ఆపుతాను. పీకేస్తే అది హారర్ అని చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

ఈ ఆనవాయితీలు ఊరికే పుట్టలేదు. ఊరవతల ఇల్లు ఎందుకంటే అరిచినా ఎవరూ రారు. రాత్రి ఎందుకంటే కళ్లు పనిచేయనప్పుడు చెవులు రెట్టింపు పనిచేస్తాయి. మనిషి ఒంటరిగా ఎందుకంటే పక్కన తోడుంటే వాళ్ల మాటల్లో పడి మనం భయం మర్చిపోతాం. కీడు చేసేది కనపడకపోవడం ఎందుకంటే మనం ఊహించుకునేంత ఘోరంగా ఏ మేకప్ మనిషీ చేయలేడు. ఇక చప్పుడు. ఏదో రాబోతోందని ముందే చెప్పేది అదే. చోటు, వేళ, ఒంటరితనం, కనపడనిది, చప్పుడు: ఈ ఐదూ చూడగానే ప్రేక్షకుడు సర్దుకుని కూర్చుంటాడు, ఎటునుంచి దెబ్బ పడుతుందో లెక్క వేసుకుంటాడు. మన పనల్లా వాడి లెక్కను నాలుగు వంతులు నిజం చేసి, ఐదో వంతు దగ్గర తప్పించడమే. ఇన్నేళ్లుగా చూసిన గొప్ప ఓపెనింగులన్నిటిలోనూ నాకు కనిపించిన సూత్రం ఇదొక్కటే.

జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’ (1978) తీసుకోండి. దాదాపు 3 లక్షల డాలర్లతో, అంటే హాలీవుడ్ లెక్కల్లో చిల్లరతో తీసిన సినిమా. 1963లో ఓ రాత్రి. అమెరికాలో ఒక చిన్న ఊరు. కెమెరా ఎవరిదో చూపుగా మారి ఒక ఇంటివైపు నడుస్తుంది. కిటికీలోంచి సోఫా మీద ఒక అమ్మాయి, అబ్బాయి. వాళ్లు మేడమీదికి వెళ్తారు, పైన దీపం ఆరుతుంది. చూపు ఇంటి చుట్టూ తిరిగి వెనక గుమ్మంలోంచి వంటింట్లోకి వస్తుంది. ఒక చేయి సొరుగు లాగి పెద్ద కత్తి తీస్తుంది. అబ్బాయి చొక్కా తొడుక్కుంటూ దిగి వెళ్లిపోతాడు. చూపు మెట్లెక్కుతుంది. కింద పడున్న కోడంగి ముసుగు తీసి తొడుక్కోగానే తెరంతా నల్లబడి రెండు కంటి రంధ్రాలే మిగులుతాయి. ఆ రంధ్రాల్లోంచే హత్య చూస్తాం. మళ్లీ మెట్లు దిగి వీధిలోకి వస్తాం. కారు దిగిన ఇద్దరు పెద్దవాళ్లలో ఒకరు ముసుగు లాగుతారు. అప్పుడు మొదటిసారి కెమెరా ఎదురు తిరుగుతుంది: కోడంగి బట్టల్లో, చేతిలో కత్తితో, ఆరేళ్ల పిల్లాడు. చచ్చిపోయింది వాడి అక్క.

ఇందులో ఏం పాటించాడు? రాత్రి, ఖాళీ ఇల్లు, ఒంటరి పిల్ల, కత్తి, కనపడని హంతకుడు, అన్నీ. తప్పించింది ఒక్కటే, హంతకుడి వయసు. ఆ ఒక్కదానికోసం నాలుగు నిమిషాలు మనల్ని వాడి కళ్ల వెనక నిలబెట్టాడు. ఎవడో ముష్కరుడనుకుంటూ ఆ మెట్లన్నీ వాడితోపాటు మనమూ ఎక్కాం.

ఈ షాట్ తీసిన తీరు తక్కువ డబ్బుతో సినిమా తీసేవాళ్లకు పెద్ద పాఠం. పానాగ్లైడ్ అని, ఒంటికి కట్టుకుని నడిచినా కుదుపు తెలియని కెమెరా పరికరం వాడారు. ఇల్లేమో దక్షిణ పాసడీనాలో పాడుబడ్డ కొంప. కెమెరా కంటపడే మేరకు యూనిట్ వాళ్లే రంగులేసి సర్దారు. లైట్లు సరిపడా లేవు. అందుకని కెమెరా మేడెక్కగానే కింద గదుల్లోని లైట్లను చకచకా మరోచోటికి మార్చారు. కత్తి తీసే ఆ చేయి నిర్మాత డెబ్రా హిల్‌ది. ఒకే షాట్‌లా అనిపించేదానిలో అతుకు కూడా ఉంది. ముసుగు తొడుక్కునేటప్పుడు తెర నల్లబడుతుందే, అక్కడ కట్ దాచారు. కథకు పనికొచ్చే ముసుగే ఎడిటర్‌కూ పనికొచ్చింది. నా వృత్తిలో ఇంతకన్నా ముచ్చటైన కట్ చూడలేదు.

ఆ సినిమాకు ఆర్.ఆర్. (నేపథ్య సంగీతం) కూడా కార్పెంటరే చేసుకున్నాడు, మూడు రోజుల్లో. మ్యూజిక్ వేయకముందు ఒక స్టూడియో అధికారిణికి చూపిస్తే ఆమెకు భయమే వేయలేదట, ఆయనే చెప్పుకున్నాడు. టైటిల్స్ మీద వచ్చే ఆ పియానో బిట్ ఐదు లెక్కలో నడుస్తుంది. సినిమా పాటల్లో మన చెవి నాలుగుకు అలవాటుపడింది. నాలుగు దగ్గర కాలు ఆనుతుందనుకుంటే ఇంకో దెబ్బ మిగిలే ఉంటుంది. ఖండచాపు తెలిసినవాళ్లకు ఆ ఐదు కొత్త కాదు, కానీ నల్ల తెర మీద గుమ్మడికాయ దీపం దగ్గరికొస్తుంటే వాళ్లకూ కుదురుండదు.

మిగతావాళ్లు మిగతావి తప్పించారు. స్టాన్లీ కుబ్రిక్ ‘ది షైనింగ్’ (1980)లో రాత్రినే తీసి పక్కన పెట్టాడు. పట్టపగలు. మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కు. అద్దంలాంటి సరస్సు, కొండలు, ఘాట్‌ రోడ్డు మీద ఒక చిన్న పసుపు కారు. హెలికాప్టర్ షాట్లు దాన్ని వదలకుండా వెంటాడుతుంటాయి. టూరిజం శాఖ ప్రకటనలా ఉండాల్సిన దృశ్యమిది. కానీ కింద నడిచేది మృతుల కోసం చర్చిలో పాడే పాతకాలపు లాటిన్ స్తోత్రం వరస. వెండీ కార్లోస్, రేచెల్ ఎల్కైండ్ దాన్ని సింథసైజర్ మీద చేశారు. పైగా పేర్లు కిందినుంచి పైకి పాకుతాయి, సినిమా చివర పాకినట్టు. మొదలవకముందే అయిపోయిందన్న భావన ఎక్కడో తగులుతుంది.

స్పీల్‌బర్గ్ ‘జాస్’ (1975)లో రాత్రి ఉంది, ఒంటరిగా ఈదే అమ్మాయి ఉంది, జాన్ విలియమ్స్ రెండు స్వరాలున్నాయి. కనపడని సొరచేప ఉంది. ఇల్లే లేదు! నీళ్లపైన ఆమె తల, భుజాలు అటూ ఇటూ ఈడ్చబడటమే చూస్తాం. ఆమె ఒంటికి కట్టిన తాళ్లను యూనిట్ మనుషులు లాగారు. యంత్రపు సొరచేప ఉప్పునీళ్లలో మొరాయిస్తూ ఉండటంతో దాన్ని వీలైనంత దాచక తప్పలేదు. అది ఒళ్లంతా కనిపించేసరికి సినిమా గంట దాటిపోతుంది. రాక్షసుణ్ని గ్రాఫిక్స్‌లో మొదటి నిమిషంలోనే చూపించాలని తహతహలాడే మనవాళ్లు ఈ ఓపెనింగ్‌ను మళ్లీ మళ్లీ చూడాలి.

‘స్క్రీమ్’ (1996) దగ్గరికొచ్చేసరికి ప్రేక్షకుడు ముదిరిపోయాడు, ఆనవాయితీలన్నీ కంఠతా వచ్చు. వెస్ క్రేవెన్ ఆ తెలివినే కథలోకి లాగాడు. ఇంట్లో ఒంటరిగా అమ్మాయి, పొయ్యి మీద పాప్‌కార్న్, ఫోన్ మోగుతుంది. అవతలివాడు అడిగేది హారర్ సినిమాల క్విజ్. తప్పు చెబితే ప్రాణం పోతుంది. ఆ అమ్మాయి డ్రూ బ్యారీమోర్, పోస్టర్ మీదున్న స్టార్. స్టార్ చివరిదాకా ఉంటుందన్నది అందరి ధీమా. పావుగంట తిరక్కుండానే ఆమెను చంపేశారు. 1960లోనే హిచ్‌కాక్ ‘సైకో’లో నాయికను సగం సినిమా కాకముందే చంపాడు. క్రేవెన్ దాన్ని మొదటి సీనుకే తెచ్చాడు. ఆ ఫోన్ గొంతు రోజర్ జాక్సన్‌ది. షూటింగ్‌లో ఆయన్ను నటులకు కనపడకుండా దాచి, నిజంగానే ఫోన్‌లో మాట్లాడించారు. ఆ భయంలో కొంత నటన కాకపోయినా ఆశ్చర్యం లేదు.

మనదగ్గర ఈ సరంజామా 1949లో కమాల్ అమ్రోహీ ‘మహల్’తో గట్టిగా కుదురుకుంది. తుపాను రాత్రి, ఖాళీ మహలు, పాత కథ చెప్పే ముసలి తోటమాలి, ఎక్కణ్నుంచో ఆడగొంతులో పాట. జర్మనీ నుంచి వచ్చి బాంబే టాకీస్‌లో స్థిరపడ్డ జోసెఫ్ విర్షింగ్ ఆ నీడల్ని తీశాడు. తర్వాత దశాబ్దాలపాటు ఆ మహలు గుమ్మం దాటలేకపోయాం. 1992లో రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’లో దెయ్యాన్ని మామూలు కుటుంబం దిగే మామూలు ఇంట్లోకి తెచ్చి చోటు ఆనవాయితీని తప్పించాడు. థియేటర్ నుంచి ఇంటికెళ్లి లైటు ఆర్పడానికి జనం జంకారంటే కారణమదే.

తెలుగు దర్శకుడికి ఇంకో చిక్కుంది. ఓపెనింగ్‌లో ఎంత భయపెట్టినా తర్వాత హీరో ఎంట్రీ రావాలి, పాట రావాలి, కామెడీ రావాలి. ఉలిక్కిపడ్డ గుండె అంతసేపు ఉలిక్కిపడి ఉండదు. కాబట్టి మనకు అరుపుకన్నా గడువు పనికొస్తుంది. కార్తీక్ వర్మ దండు ‘విరూపాక్ష’ (2023) ఆ పని చేసింది. 1979లో రుద్రవనం అనే ఊళ్లో చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఒక జంటను జనం సజీవదహనం చేస్తారు. చస్తూ ఆమె శాపం పెడుతుంది, పుష్కర కాలానికి ఊరు వల్లకాడవుతుందని. కట్ చేస్తే 1991. ఇక హీరో బండి మీద నవ్వుకుంటూ తిరిగినా మన లెక్క మనం వేసుకుంటూనే ఉంటాం. ఇందులోనూ తప్పించిందొకటుంది. మొదటి హత్య చేసింది దెయ్యం కాదు, ఊరి జనం. బాణామతి పేరుతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలో చదివినవాళ్లకు ఆ మంట కల్పనలా అనిపించదు.

ఇవన్నీ పెద్దవాళ్ల సంగతులు, మా ఫోన్ కెమెరాకు ఎలా కుదురుతాయని అడుగుతారు. ఒక అమ్మాయి తన హాస్టల్లోనే తీసిన షార్ట్ ఫిల్మ్ సంగతి చెబుతాను. అర్ధరాత్రి, సెలవులకు అందరూ వెళ్లిపోయిన హాస్టల్, చదువుకుంటున్న ఒక పిల్ల, పక్క గదికి తాళం. కరెంటు పోతుంది. అద్దంలో మొహం, కేక, టైటిల్. రష్ చూస్తూ హెడ్‌ఫోన్స్‌లో ఒకటి పట్టుకున్నాను. కరెంటు పోయాక ఈ గది ఫ్యాను ఆగింది, కానీ గోడ అవతలినుంచి ఇంకో ఫ్యాను చప్పుడు వస్తూనే ఉంది. షూటింగ్‌లో మెయిన్ తీయకుండా ఈ గది స్విచ్చి ఒక్కటే ఆపారు. పక్క గది ఫ్యాను మైకులో పడింది. ఆమె దాన్ని తుడిచేయమంది. నేను అద్దంలో మొహాన్ని, కేకను తీసేద్దామన్నాను.

“అరుపు తీసేస్తే ఇంకేం మిగుల్తుందన్నా?”

“ఫ్యాను మిగుల్తుందమ్మా.”

తాళం వేసిన తలుపు షాట్‌ను మొదటికి తెచ్చాం. కరెంటు పోయాక రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి ఆగేదాకా కట్ చేయలేదు. నిశ్శబ్దం వస్తుందని ఎదురుచూసే చోట పక్క గది ఫ్యాను వినపడుతుంది. ఆ పిల్ల గోడవైపు తల తిప్పగానే టైటిల్ వేశాం. ఒంటరితనం, రాత్రి, తాళం వేసిన గది, చీకటి అన్నీ ఉన్నాయి. చీకట్లో ఉండాల్సిన నిశ్శబ్దమొక్కటే లేదు. రూపాయి ఖర్చు కాలేదు.

కాబట్టి నేనిచ్చే సలహాలు చిన్నవే. స్క్రిప్టు రాసేటప్పుడే ఐదు ఆనవాయితీలూ కాగితం మీద వేసుకుని, తప్పించేదాని కింద గీత గీయండి. రెండు తప్పిస్తే ప్రేక్షకుడికి దారి తెలియదు, ఏదీ తప్పించకపోతే దారిలో నిద్రపోతాడు. చీకటి కావాలంటే లైట్లన్నీ ఆర్పేయకండి. ఫోన్ కెమెరాలో బొమ్మంతా ఇసక రాలినట్టవుతుంది. కిటికీ బయట ఒక లైటు పెట్టి, లోపల మనిషిని నీడలో ఉంచండి. ప్రతి లొకేషన్లో అందర్నీ కదలకుండా కూర్చోబెట్టి, ఓ నిమిషం ఉత్త గది చప్పుడు రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌లో నిశ్శబ్దం కట్టాలంటే ఆ ముడిసరుకే దిక్కు.

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. తప్పించినదానికి సినిమా బదులు చెప్పాలి. ‘హాలోవీన్’లో ఆ ఆరేళ్లవాడే పెరిగి తిరిగొస్తాడు, ‘విరూపాక్ష’లో ఆ మంట బాకీ ఊరే తీర్చుకోవాల్సి వస్తుంది. ఫ్యాను ఎందుకు తిరుగుతోందో ఆ అమ్మాయికి కూడా మొదట తెలియదు. దానికోసం కథ రెండో సగం మళ్లీ రాసింది, ఇంకో రెండు రాత్రులు షూట్ చేసింది. ఓపెనింగ్ బాగా కుదిరితే జరిగేది అదే. మిగతా సినిమా దాని స్థాయికి ఎదగక తప్పదు.