డోరేమాన్ తొలి గొంతు ఏమైంది?

డోరేమాన్ పేరు ఎరగని పిల్లలు మన ఇళ్లలో తక్కువే. హంగామా ఛానల్ పుణ్యమా అని ఆ నీలి పిల్లి తెలుగులోనూ మాట్లాడింది. ముద్ద మింగాలంటే టీవీలో వాడు కనబడాల్సిందేనని పేచీ పెట్టిన తరం ఇప్పుడు ఉద్యోగాలు చేస్తోంది. మనవాళ్లు చూసినవి జపాన్‌లో 1979లోనూ 2005లోనూ మొదలైన సిరీస్‌లు. వాటికంటే ముందు ఇంకొకటి వచ్చింది. 1973 ఏప్రిల్ 1న మొదలై సెప్టెంబర్ 30న ముగిసింది. 26 వారాలు, వారానికి రెండేసి కథలు, మొత్తం 52. ఇవాళ చూద్దామంటే అందులో చాలా భాగం దొరకదు.

పిల్లల కార్టూన్లలో గల్లంతయ్యేది ఎక్కువగా పైలట్. సిరీస్‌కు డబ్బు పెట్టమని ఛానల్ వాళ్లను, స్పాన్సర్లను ఒప్పించడానికి ముందుగా తీసే నమూనా భాగమే పైలట్. దాని అసలు ప్రేక్షకులు ఒక గదిలో కూర్చున్న పదిమంది. వాళ్లు సరేనంటే సిరీస్ మొదలవుతుంది, బొమ్మల రూపురేఖలు మారతాయి, గొంతులు మారతాయి, పైలట్ డబ్బా అటకెక్కుతుంది. అమెరికాలో బాగా ఆడిన రగ్‌రాట్స్ సిరీస్ పైలట్ 1990లో తయారైతే, మామూలు ప్రేక్షకులు దాన్ని టీవీలో చూడటానికి 2001 దాకా ఆగాల్సి వచ్చింది. అది అదృష్టం చేసుకున్నట్టే లెక్క. డోరేమాన్ విషయంలో తమాషా ఏమిటంటే, 1979 సిరీస్ పైలట్ బతికింది, 1973 సిరీస్ చాలావరకు పోయింది.

1973 నాటికి డోరేమాన్ ఇంకా పెద్ద పేరున్న పాత్ర కాదు. తర్వాతి కాలంలో ఫుజికో ఎఫ్. ఫుజియో అనే కలం పేరుతో రాసిన హిరోషి ఫుజిమొటో, షోగాకుకాన్ సంస్థ బడిపిల్లల కోసం వేసే మాసపత్రికల్లో 1970 జనవరి సంచిక నుంచి ఆ బొమ్మల కథ గీస్తున్నారు. కథలు పుస్తకాలుగా కూడా ఇంకా రాలేదు, 1974లో గానీ ఆ పని మొదలుకాలేదు. అలాంటి సమయంలో ఒక చిన్న స్టూడియో దాన్ని నిప్పన్ టీవీకి తీసిపెట్టింది. ప్రసార వేళ ఆదివారం రాత్రి 7 గంటలు. సరిగ్గా అదే వేళకు ఫుజి టీవీలో మజింగర్ జెడ్ వస్తోంది. ఊళ్లు కూలగొట్టే ఇనుప రాక్షసులు, వాళ్లతో తలపడే రాకాసి మరమనిషి. మగపిల్లలు ఏ ఛానల్ తిప్పి ఉంటారో చెప్పనక్కర్లేదు.

ఇక్కడే నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. ఆ సిరీస్‌లో డోరేమాన్‌కు మొదట గొంతు ఇచ్చింది కోసెయ్ తోమితా. ఆయనది బొంగురు మగ గొంతు. మజింగర్ జెడ్‌లో ప్రతినాయకుడు డాక్టర్ హెల్‌కు గొంతు కూడా ఆయనదే! అంటే ఆదివారం రాత్రి 7 గంటలకు ఒక ఛానల్‌లో నోబితా అనే కుర్రాడికి బుద్ధులు చెబుతున్న మనిషే పక్క ఛానల్‌లో ప్రపంచాన్ని నాశనం చేస్తానని గర్జిస్తున్నాడు. పిల్లలకు ఇంట్లో పెద్దాయన మాట్లాడుతున్నట్టు అనిపించే ఆ గొంతును సగంలో మార్చారు. జులై నుంచి మసాకో నొజావా వచ్చారు. తర్వాతి కాలంలో డ్రాగన్ బాల్ గోకూగా ప్రపంచం ఎరిగిన గొంతు ఆవిడదే. నోబితా తల్లికి గొంతు ఇచ్చిన నోరికో ఒహారా, 1979 సిరీస్‌కు వచ్చేసరికి నోబితా అయిపోయారు. 2005 వరకూ నోబితా ఆవిడే. అమ్మగా కసిరినావిడే కొడుకై ఏడ్చిందన్నమాట.

గొంతు మార్చినా సిరీస్ నిలబడలేదు. స్టూడియో ఆర్థికంగా చితికిపోయింది, సిరీస్‌తోపాటే మూతపడింది. రీళ్ల కథ ఇక్కడే అడ్డం తిరిగింది. ఆ రోజుల్లో కార్టూన్ అంటే సెల్లులాయిడ్ షీట్ల మీద రంగులు వేసి ఒక్కొక్క ఫ్రేమూ ఫిల్ము మీద తీయడమే. నెగెటివ్ ల్యాబ్‌లో ఉంటుంది, శబ్దం విడిగా ఉంటుంది, ఛానల్‌కు వెళ్లేది ప్రింటు. వీటన్నిటికీ యజమాని నిర్మాణ సంస్థ. ఆ సంస్థే లేకపోతే నిల్వ ఖర్చు ఎవరు కడతారు? అడిగే నాథుడు లేని డబ్బాలు చెత్తకుప్పకే పోతాయి. ఇంట్లో రికార్డు చేసుకున్నవాళ్లు ఉంటారేమో అనుకుందామంటే, బీటామాక్స్ వచ్చింది 1975లో, వీహెచ్‌ఎస్ 1976లో.

1979 ఏప్రిల్‌లో షిన్‌ఎయ్ సంస్థ తీసిన కొత్త డోరేమాన్ టీవీ అసాహీలో మొదలైంది. ఒకసారి చేయి కాల్చుకున్న ఫుజిమొటో అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఎలా చూపిస్తారో రాసి ఇవ్వమన్నారు. ఆ ప్రతిపాదన రాసింది ఎవరో కాదు, తర్వాత స్టూడియో జిబ్లీలో మిణుగురుల సమాధి తీసిన ఇసావో తకాహతా. తర్వాత పైలట్ కూడా తీశారు. నేల మీద పరిస్తే చేపలు పట్టుకునే చెరువుగా మారే పరికరం కథ అది. ఆ పైలట్ భద్రంగా ఉంది, మామూలు భాగంగా టీవీలో ప్రసారమైంది కూడా. కారణం చాలా సాదా. దాన్ని తీసిన సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

అదే 1979 వేసవిలో ఫుజిమొటో సొంత జిల్లా తోయామాలో స్థానిక ఛానల్ ఒకటి పాత సిరీస్‌ను మళ్లీ వేయడం మొదలుపెట్టింది. కొత్తది నడుస్తుంటే పాతదేమిటని ప్రచురణకర్తల వైపు నుంచి అభ్యంతరం వచ్చింది, మధ్యలోనే ఆపేశారు. పాత సిరీస్‌ను కావాలనే తొక్కిపెట్టారనే అభిమానుల కథలకు ఈ సంగతే మూలం. మళ్లీ చూపించడం ఎవరికీ ఇష్టం లేదన్నది నిజం కావచ్చు. కానీ రీళ్లు మాయం కావడానికి కుట్ర అక్కర్లేదు, మూతపడ్డ ఆఫీసు చాలు.

మిగిలిన కాస్తా ఎలా మిగిలింది? తర్వాతి కాలంలో ఇమాజికా ఫిల్ము ల్యాబ్‌లో కొన్ని రీళ్లు బయటపడ్డాయి. వాటిలో కొన్నింటికి బొమ్మ ఉంది, మాట లేదు. మరికొంత సామగ్రి ఆ సిరీస్‌లో పనిచేసిన జున్ మసామి దగ్గర ఉంది. స్టూడియో మూసేటప్పుడు చేతికందింది తెచ్చి దాచుకున్నాడు, 2000ల తొలి ఏళ్లలో అభిమానులను కూర్చోబెట్టి చూపించాడు. పాటలు అప్పుడే గ్రామఫోన్ రికార్డులుగా అమ్ముడుపోయాయి కాబట్టి బతికి బట్టకట్టాయి. ఇంతటి పాత్ర తొలి అడుగులకు ఇవాళ ఆధారం ల్యాబ్ మూలన మరిచిపోయిన కొన్ని డబ్బాలు, ఒక ఉద్యోగి మమకారం.

ఇలాంటి డబ్బాలు మన అటకల మీదా ఉంటాయి. దూరదర్శన్ రోజుల్లో వీసీఆర్ పెట్టి పట్టిన పిల్లల కార్యక్రమాలు, బడి నాటకాలు, రేడియో నుంచి ఎత్తిన క్యాసెట్లు. మన ఉక్కపోతకు టేపు బూజు పడుతుంది, పొర ఊడుతుంది, ఆడించే యంత్రాలూ దొరకడం కష్టమవుతోంది. టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించే దుకాణాలు ఊళ్లలో ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. పాత సామాన్లవాడికి తూకానికి వేసే ముందు ఆ డబ్బాల మీద ఏం రాసుందో ఒక్కసారి చదవండి.