కోడిపిల్ల తూగుచున్నప్పుడు

నేడు నేను తమతో ముచ్చటింపబూనిన విషయము మిక్కిలి చిన్నది, అరచేతిలో ఇమిడిపోవునది. గ్రుడ్డు వెలువడి ఒకటి రెండు దినములైన కోడిపిల్ల రెక్కలు వాల్చి, కన్నులు మూసి, తోడిపిల్లలకు దూరముగా తూగుచుండిన యెడల ఇంటివారు చేయదగినదేమి యనునదే నా ప్రసంగము.

ఇంత కొద్దిపాటి సంగతికి రేడియోలో ప్రసంగమేల యని కొందరు నవ్వవచ్చును. కాని మన పల్లెలలో ఎడ్లును పాడియును యజమానుని లెక్కలోనివి. కోళ్ళు ఇంటి ఆడవారి లెక్కలోనివి. పిల్లవాని పుస్తకమునకును, పండుగనాటి గాజులకును, ఒక్కొక్కప్పుడు వైద్యునకిచ్చు రూకలకును ఆ గ్రుడ్లే ఆధారము. పెట్ట 21 దినములు పొదుగును. పిమ్మట రెండు మూడు నెలలు పిల్లలను వెంట త్రిప్పుకొనుచు గ్రుడ్డు పెట్టక యుండును. పన్నెండు పిల్లలు లేచిన పొదుగులో వారము తిరుగునప్పటికి నాలుగే మిగిలిన యెడల, ఆ యిల్లాలికి పోయినది ఎనిమిది పిల్లలు మాత్రమే కాదు, ఒక ఋతువు రాబడి.

నేను పెక్కేండ్లుగా ఇంట కోళ్ళను పెంచుచున్నవాడను. పిల్ల తూగుచున్నదనగానే మనవారు చేయు మొదటి పని దాని ముక్కు తెరచి నీరు పోయుట; రెండవది నూకలు కుక్కుట. జాలిచేతనే చేయుదురు గాని, ఆ జాలి పిల్ల పాలిటికి మృత్యువగుచున్నది. ఏలయన, అప్పుడే పుట్టిన పిల్లకు ఆకలి లేదు. గ్రుడ్డు నుండి వెలువడుటకు ముందు మిగిలిన పచ్చసొనను అది తన కడుపులోనికి లాగుకొనును. ఆ చద్దిమూట రెండు మూడు దినములకు సరిపోవును. పొదుగుశాలలవారు ఒకనాటి పిల్లలను పెట్టెలలో పెట్టి మేత లేకుండ దూరదేశములకు పంపగలుగుట ఇందువలననే. పిల్లకు లేనిది వేడి. పెద్దకోడికి ఈకలు గలవు. పిల్లకున్నది నూగు మాత్రమే. తన దేహపు వేడిని తాను నిలుపుకొను శక్తి దానికి ఇంకను రాలేదు. తల్లి కడుపు క్రింద నుండి తప్పిపోయి ఒక వానజల్లున గాని, తెల్లవారుజామున చల్లని నేలమీద గాని కొంతసేపుండెనా, దేహము చల్లబడి జీర్ణశక్తి స్తంభించును. అప్పుడు పెట్టిన మేత అరుగదు. పోసిన నీరు నాలుక మొదట నున్న ఊపిరిగొట్టపు రంధ్రములో పడి ఊపిరితిత్తులకు పోవును.

కావున వరుస ఇది: మొదట వేడి, తరువాత నీరు, ఆ పిమ్మట మేత. ఈ వరుస తప్పరాదు.

పిల్లను చేతిలోనికి తీసికొని దాని పాదములను తాకి చూడుడు. అవి చల్లగా నున్నచో అది చలిపట్టిన పిల్ల. తడిసియున్నచో మెత్తని పాతగుడ్డతో అద్ది, రెండు అరచేతుల నడుమ నుంచుకొని రొమ్మునకు ఆనించుకొనుడు. ఇంతకు మించిన పొదుగు యంత్రము లేదు. కాళ్ళు చాచి చచ్చినట్లు పడియున్న పిల్ల గంటసేపు వెచ్చదనము తగిలినంతనే లేచి కిచకిచలాడుట నేను అనేక పర్యాయములు చూచితిని. తొందరపడి పెంటకుప్ప మీద పారవేయకుడని నా మనవి.

పిదప ఒక గంపలో ఊక పోసి, దానిపై గోనెగుడ్డ పరచి, పిల్లను దింపవలెను. గంపలో ఒక ప్రక్కన మాత్రమే వేడి యుండవలెను. పిల్ల తనకు కావలసినంత దగ్గరకు జరుగును, చాలుననిపించినప్పుడు తొలగును. మొదటి వారమున పిల్లయున్న చోట సుమారు 35 డిగ్రీల వేడి కావలెను. ఆపైన వారమునకు మూడేసి డిగ్రీలు తగ్గించుచు పోవచ్చును. ఉష్ణమాపకము లేదని చింత వలదు. చలిగానున్న పిల్ల ముడుచుకొని ఎడతెగక కీచుమనును. వేడి హెచ్చినది నోరు తెరచి రొప్పుచు రెక్కలు దూరముగా పట్టును. హాయిగానున్నది మెల్లగా పలుకుచు కాళ్ళు చాపి పరుండును.

విద్యుద్దీపము వ్రేలాడగట్టువారికి ఒక హెచ్చరిక. ఇప్పుడు ఇంటింట వెలుగుచున్న ఎల్.ఇ.డి. దీపములు వెలుగిచ్చునే గాని చాలినంత వేడి నీయవు. లోపల సన్నని తీగ కాలుచుండు పాతరకపు బల్బు, 40 గాని 60 గాని వాట్లది, కావలెను. దానిని గుడ్డకు తగులకుండ జానెడున్నర యెత్తున గట్టిగా బంధింపవలెను. అది దొరకనిచో సీసాలో వేడినీరు పోసి పాతగుడ్డ చుట్టి పిల్ల ప్రక్కన నుంచి, చల్లారకముందే మార్చుచుండుడు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రము పెట్టరాదు. దాని విషవాయువు పిల్లలనే కాదు, అచట నిద్రించు మనుష్యులను గూడ చంపును.

పిల్ల వెచ్చబడి కన్ను తెరచిన పిమ్మట నీరు. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో చెంచాడు బెల్లము కరగించి, వ్రేలి కొనతో ఒక్కొక్క బొట్టు ముక్కు అంచునకు తాకించిన చాలును, అదియే చప్పరించును. బెల్లపునీరు ఒక పూటకే, తరువాత మంచినీరు. మూకుడులో నీరు పెట్టినచో గులకరాళ్ళు వేయవలెను, లేకున్న ఆ రెండు వ్రేళ్ళ లోతులోనే పిల్ల మునిగి చచ్చును. అది తనంతట తాను త్రాగి, నేలను పొడుచుట మొదలిడినప్పుడు సన్నని నూకలు గాని, రాగులు గాని, ఉడికించి పొడిచేసిన గ్రుడ్డు పచ్చసొన గాని చల్లుడు. మన పెద్దలు పాతకుండలో పేడయు గడ్డియు నింపి పుట్ట ప్రక్కన బోర్లించి చెదలు పట్టించి పిల్లలకు వేయుదురే, అది చక్కని పద్ధతి. మాంసకృత్తులకు దానికి సాటియైన మేత ఇంట దొరకుట అరుదు. నూనెయు పసుపును ఒడలంతయు పట్టించుట మాత్రము మానవలెను. నూనె తగిలిన నూగు అంటుకొనిపోయి చలిని ఆపజాలదు.

ఇంక పిల్లను వెల్లకిల త్రిప్పి చూడుడు. రెట్ట ఎండి వెనుక ద్వారమును మూసివేసినచో అది విసర్జింపలేక రెండు దినములలో చచ్చును. దానిని గోటితో పెరుకరాదు, చర్మము చిరుగును. గోరువెచ్చని నీటిలో దూదిని ముంచి నానబెట్టి తుడిచి, ఆరనిచ్చి, మరల వెచ్చదనములో నుంచవలెను. ఒక పొరపాటు గూర్చి చెప్పవలసియున్నది. వెనుక ద్వారమునకు కొంచెము ముందు, కడుపు నడుమ, చిన్న ఎండుపొక్కు ఉండును. అది బొడ్డు, దానిని రెట్టయని భ్రమించి లాగినచో ప్రేగులే వెలికివచ్చును. బొడ్డు ఉబ్బి, తడిసి, చెడువాసన వేయుచుండిన పిల్ల సాధారణముగా బ్రదుకదు. పెంకు పగిలి తడవైనదని పిల్లను చేతితో ఒలిచి తీయువారి యిండ్లలోను బొడ్డు చెడుట కలదు. ముక్కు పొడిచిన తరువాత ఒక పగలు, ఒక రాత్రి పట్టుట సహజమే.

కాళ్ళు ఇరుప్రక్కలకు జారి లేవలేని పిల్లను కుంటిదని విడువకుడు. నున్నని గచ్చుమీదనో కాగితముమీదనో నుంచుట దీనికి తరచైన కారణము. మెత్తని నూలుపోగుతో రెండు కాళ్ళను సహజమైన యెడముతో కలిపి కట్టి, గరుకైన గోనెమీద నిలిపినచో రెండు మూడు దినములలో నిలద్రొక్కుకొనును. ఆలస్యమైన ఎముక ముదిరిపోవును.

ఇవన్నియు చేసినను తెల్లని సున్నమువంటి రెట్ట వేయుచు పిల్లలు వరుసగా చచ్చుచుండిన, అది చలి కాదు, తెల్ల పారుడు రోగము. దీని క్రిమిని గూర్చి అమెరికా శాస్త్రజ్ఞుడు లియో రెట్గరు 1900లో ప్రకటించెను. పైకి ఆరోగ్యముగానున్న పెట్టనుండి గ్రుడ్డు ద్వారముననే ఇది పిల్లకు సంక్రమించును. కావున అట్టి పెట్ట గ్రుడ్లను పొదుగ వేయరాదు. మనుష్యుల మాత్రలను చిదిపి పోయుట గూడ తగదు. 30 గ్రాముల ప్రాణికి మోతాదు నిర్ణయించుట పశువైద్యుని పని. 1927లో రాణిఖేతు కొండలలో గుర్తింపబడి ఆ పేరు దాల్చిన కొక్కెర తెగులునకు మందు లేదు, టీకా గలదు. ఆరోగ్యముగానున్న పిల్లకు అయిదు ఏడు దినముల నడుమ కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క వేయుదురు. తూగుచున్న పిల్లకు కోలుకొనువరకు వేయరాదు. చచ్చిన పిల్లలను చెరువులో వేయక, కుక్కల పాలు చేయక, సున్నము చల్లి లోతుగా పూడ్పించుడు. జబ్బుపిల్లను ముట్టినవారు సబ్బుతో చేతులు కడుగవలెను. చంటిపిల్లలను దానిని ముద్దాడనీయకుడు, ఆ క్రిములలో కొన్ని మనుష్యులకును విరేచనములు కలిగించును.

తిరునాళ్ళలో రంగులద్ది అమ్ము పిల్లల సంగతి వేరుగా చెప్పవలెను. అవి గ్రుడ్లజాతి పుంజులు, పొదుగుశాలలకు అక్కరలేనివి. తల్లి లేదు, రంగునీట తడిసియుండును, దినమంతయు గాలిలో నుండును. మనుమడు ఏడ్చి కొనిపించుకొన్నచో ఇంటికి రాగానే వేడి చూపుడు. హైదరాబాదు రాజేంద్రనగరులోని పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లలను కొనువారికిని ఇదియే మాట. అవియు తల్లి లేనివే. ఈకలు వచ్చువరకు దీపమే వాటికి తల్లి.

కోలుకొన్న పిల్లను పగటివేళ గుంపులో వదలకుడు. తల్లి దానిని పరాయిదనుకొని పొడుచును. చీకటిపడి పెట్ట పిల్లలను కప్పుకొని కూర్చుండిన పిమ్మట, మెల్లగా వెనుకనుండి దాని రెక్క క్రిందికి జొనిపి, తెల్లవారగానే ఒకమారు పోయి చూచుకొనుడు.