వార్తల్లో పదం: ఆప్షన్

ఇష్టమైన నవలను ఓ నిర్మాణ సంస్థ ‘ఆప్షన్’ తీసుకుందన్న వార్త రాగానే కుర్రకారు సంబరపడతారు. అది సినిమా హక్కులు కొనేయడం కాదు. కొంత సొమ్ము ముందుగా ముట్టజెప్పి, సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర గడువులో కొనే అవకాశాన్ని తమకే అట్టిపెట్టుకోవడం. ఈలోగా రచయిత ఇంకెవరికీ అమ్మకూడదు. స్క్రిప్టు, పెట్టుబడి కుదిరితే అసలు ధర చెల్లిస్తారు. గడువు దాటితే హక్కులు రచయితవే, పుచ్చుకున్న సొమ్మూ రచయితదే. చాలా నవలలు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

తెరకెక్కినవీ ఉన్నాయి. రచయిత్రి సంధ్యా మీనన్ 2017 నాటి టీనేజీ ప్రేమ నవల 2020లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ ‘మిస్‌మ్యాచ్డ్’ అయింది. మన రచయిత యండమూరి నవల ‘అభిలాష’ 1983లోనే చిరంజీవి సినిమాగా వచ్చింది. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. అందుకే రచయితల సభకు వెళ్లే పాఠకులు ‘సినిమా ఎప్పుడు?’ అనేముందు ‘ఆప్షనా, అమ్మకమా?’ అని అడగడం మేలు.