స్మార్ట్ ఫోనులో సంగీతము: అంకెలనుండి చెవివరకు

1877వ సంవత్సరమున ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించిన నాటినుండి, ధ్వనిని పట్టి దాచి, కోరినప్పుడు తిరిగి వినుటకు మానవుడు ఎన్నో ఉపాయములు పన్నుచు వచ్చెను. తగరపు రేకు, లక్క పళ్లెము, అయస్కాంతపు టేపు, కాంపాక్ట్ డిస్కు, ఈ మెట్లన్నియు దాటి నేడు సంగీతము అరచేతిలో ఇమిడెడు స్మార్ట్ ఫోనులోనికి వచ్చినది. ఇట్టి ఫోనులలో కొన్ని ఉత్తమమైన ధ్వని నిచ్చునవని ప్రత్యేకముగా ప్రకటింపబడుచుండును. పెట్టెపై "32 బిట్లు", "192 కిలోహెర్ట్జులు", "నాలుగు పరివర్తకములు" అను అంకెలు కానవచ్చును. ఈ అంకెల అర్థమేమి? ఇందులో చెవికి నిజముగా మేలుచేయునది ఏది? ధనము వ్యయమగుటయే తప్ప ప్రయోజనము లేనిది ఏది? చెవికి హాని కలిగింపగలది ఏది? ఈ ప్రశ్నలకు సమాధానము ఉన్నత పాఠశాలలో నేర్చెడు భౌతిక శాస్త్రములోనే చాలవరకు లభించును.

ధ్వని అంకెలుగా మారుట

గోదావరికి వరద వచ్చినప్పుడు ధవళేశ్వరమువద్ద నీటిమట్టమును గంట గంటకు కొలిచి వ్రాయుదురు. ఆ కొలతలను గ్రాఫు కాగితముపై చుక్కలుగా గుర్తించి, వానిని నున్నని గీతతో కలిపినచో వరద పెరిగి తరిగిన తీరు కన్నులకు కట్టినట్లుండును. ధ్వనిని అంకెలుగా మార్చుటయు ఇట్టిదే. మైక్రోఫోను ధ్వని తరంగమును విద్యుత్ తరంగముగా మార్చును. ఆ తరంగపు వోల్టేజిని సమానమైన కాలవ్యవధులలో మరల మరల కొలిచి, కొలతలను ద్విసంఖ్యామానములో, అనగా 0, 1 అను రెండు అంకెలతో వ్రాసి ఉంచుదురు.

1982లో బజారులోనికి వచ్చిన కాంపాక్ట్ డిస్కునకు సెకండునకు 44,100 కొలతలు, కొలత ఒక్కింటికి 16 బిట్లు అని నిర్ణయము జరిగెను. 16 బిట్లతో 65,536 వేర్వేరు మెట్లను గుర్తింపవచ్చును. ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి చొప్పున రెండు వరుసలు ఉండుటచే సెకండునకు 14,11,200 బిట్లు అవసరమగును. ఒక నిముషపు పాటకు ఇవి కోటి బైట్లకు పైబడును.

సెకండునకు 44,100 కొలతలే ఏల? ఒక తరంగమును పూర్తిగా తిరిగి పొందవలెనన్నచో, అందలి అత్యధిక పౌనఃపున్యమునకు రెండు రెట్లకంటె ఎక్కువ కొలతలు తీసికొనవలెను. ఈ సూత్రమునకు 1928లో హ్యారీ నైక్విస్ట్ పునాది వేసెను. 1949లో క్లాడ్ షానన్ దీనిని గణితముతో స్పష్టముగా నిరూపించెను. ఆరోగ్యవంతుడైన యువకుని చెవి సుమారు 20 హెర్ట్జులనుండి 20,000 హెర్ట్జులవరకు వినగలదు. వయస్సు పెరిగిన కొలదియు పై హద్దు క్రిందికి దిగును. 20,000నకు రెండింతలు 40,000. దానిపై కొంత అదనముగా ఉంచి 44,100 అను సంఖ్యను ఎన్నుకొనిరి.

అంకెలు మరల ధ్వనిగా మారుట

ఫోనులో ఉన్నవి అంకెలు మాత్రమే; చెవి వినునది గాలి కంపనములను. అంకెలను తిరిగి విద్యుత్ తరంగముగా మార్చు సాధనమునకు అంకీయ పరివర్తకమని పేరు పెట్టవచ్చును. వాడుకలో దీనిని "డాక్" అందురు. దీని తరువాత ఆంప్లిఫైయరు ఉండును. అది తరంగమునకు బలము చేకూర్చి హెడ్‌ఫోనునకు పంపును. హెడ్‌ఫోనులోని సన్నని పొర కంపించి ధ్వనిని పుట్టించును. ఈ పని చేయు భాగములు లేని స్మార్ట్ ఫోను లేదు. వాని నాణ్యతలోనే భేదమంతయు కలదు.

ఇచ్చట ఒక అపోహను తొలగించుట అవసరము. కొలతకు కొలతకు నడుమ ఉన్న ధ్వని పోయినదనియు, వచ్చు తరంగము మెట్లమెట్లుగా ఉండుననియు, సెకండునకు 96,000 లేక 1,92,000 కొలతలు తీసికొన్నచో ఆ మెట్లు సన్నమై ధ్వని నునుపెక్కుననియు పలువురు తలంతురు. ఇది సరికాదు. పరివర్తకమునకు తోడుగా ఉండు వడపోత వలయము, హద్దును మించిన పౌనఃపున్యములను తొలగించును. ఆ హద్దునకు లోబడి ఆ చుక్కలన్నింటిగుండ పోగల గీత ఒక్కటియే ఉండును. కనుక మెట్లు మిగులవు. నున్నని తరంగమే వెలువడును. కొలతల సంఖ్యను పెంచుటవలన దాచదగిన పౌనఃపున్యముల హద్దు పెరుగునేగాని, 20,000 హెర్ట్జులలోపల ఉన్న ధ్వని మరింత నునుపు కాదు.

నాలుగు పరివర్తకముల రహస్యము

దక్షిణ కొరియాకు చెందిన ఎల్.జి. సంస్థ 2016లో వి20 అను ఫోనును విడుదల చేసెను. అమెరికాలోని ఇ.ఎస్.ఎస్. సంస్థ తయారుచేసిన చిప్పును ఇందు అమర్చిరి. ఒకే చిప్పులో నాలుగు పరివర్తకములు ఉండుట దీని విశేషము. హెడ్‌ఫోనుతో సంగీతము వినువారిలో ఈ వరుస ఫోనులకు మంచి పేరు వచ్చెను. ఎల్.జి. సంస్థ 2021లో ఫోనుల తయారీని మానివేసినది. అయినను అందలి సూత్రము తెలిసికొనదగినది.

ప్రయోగశాలలో లోలకపు ఆవర్తన కాలమును ఒక్కసారి కొలిచి ఊరకుండక పలుమారులు కొలిచి సగటు తీయుదురు. దోషములు కొన్ని హెచ్చుగను, కొన్ని తగ్గుగను ఉండుటచే సగటులో చాలవరకు ఒకదానినొకటి కొట్టివేసికొనును. నాలుగు పరివర్తకములను జతపరచుటయు ఇట్టిదే. నాలుగింటిలోను సంగీతము ఒక్కటే గనుక కూడినప్పుడు నాలుగు రెట్లగును. ప్రతిదానిలోను సహజముగా పుట్టు సన్నని రొద మాత్రము ఒకదానికొకటి సంబంధము లేనిది; కూడినప్పుడు అది 4 యొక్క వర్గమూలమగు 2 రెట్లు మాత్రమే అగును. కాగా రొదతో పోల్చినచో సంగీతపు వోల్టేజి రెండింతలు మెరుగు, అనగా 6 డెసిబెల్‌ల లాభము.

పెద్ద అంకెల విలువ ఎంత?

బిట్ల సంఖ్య తెలుపునది అతి మెల్లని ధ్వనికిని, అతి బిగ్గర ధ్వనికిని నడుమ గల దూరమును. ఒక్కొక్క బిట్టునకు సుమారు 6 డెసిబెల్‌ల చొప్పున 16 బిట్లతో 98 డెసిబెల్‌ల దూరము లభించును. సద్దుమణిగిన గదిలో సైతము సుమారు 30 డెసిబెల్‌ల రొద ఉండును. కనుక సాధారణముగా వినుటకు 16 బిట్లు చాలును. స్టూడియోలో పాటను రికార్డు చేయునప్పుడు 24 బిట్లు మిక్కిలి ఉపయోగకరములు, పొరపాటునకు చోటు ఉండును గనుక. వినువారికి ఆ లాభము స్వల్పము. ఇక 32 బిట్ల మాట. ఏ వలయములోనైనను ఎలక్ట్రానుల ఉష్ణ చలనముచే కొంత రొద పుట్టుట అనివార్యము. ఆ రొద 32 బిట్లు చూపగల అతి చిన్న మెట్లను పూర్తిగా కప్పివేయును.

అమెరికాలో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ అనువారు 2007లో ఒక పరిశోధనను ప్రకటించిరి. అధిక స్థాయి రికార్డును నేరుగా ఒకమారు, కాంపాక్ట్ డిస్కు ప్రమాణమునకు కుదించి ఒకమారు వినిపించి, ఏది ఏదో చెప్పుమని శ్రోతల నడిగిరి. 554 పరీక్షలలో సరియైన సమాధానములు 276. నాణెమును ఎగురవేసి చెప్పినను ఇంచుమించు ఇంతే వచ్చును. సంగీతము లేనిచోట ధ్వనిని మిక్కిలి పెంచినప్పుడు మాత్రమే డిస్కు ప్రమాణపు రొద వినవచ్చెను.

మూలములో లేని గుణమును ఏ ఫోనును తేజాలదు. 1950వ దశకమున 78 తిరుగుళ్ల గ్రామఫోను రికార్డులపై వచ్చిన ఘంటసాల పాటను 24 బిట్లలో దాచినను, ఆ రికార్డుపైని గరగర ధ్వని మరింత విశ్వాసముతో దాచబడునే కాని పోదు.

హెడ్‌ఫోనుతో పొత్తు

అట్లయినచో మంచి ఫోనునకును సామాన్యమైన ఫోనునకును భేదమే లేదా? కలదు. అది ఎక్కువగా ఆంప్లిఫైయరులో కలదు. ఘటమునకు అంతర్నిరోధము ఉన్నట్లే ఆంప్లిఫైయరునకును ఉండును. అది 10 ఓములనుకొనుడు. కొన్ని ఇయర్‌ఫోనుల అవరోధము అన్ని పౌనఃపున్యములకు ఒకటిగా ఉండదు. ఒకచోట 16 ఓములు, మరియొకచోట 32 ఓములు కావచ్చును. మొదటిచోట ఇయర్‌ఫోనునకు చేరు వోల్టేజి భాగము 16/26, అనగా 0.62, రెండవచోట 32/42, అనగా 0.76. ఈ రెంటికి భేదము 1.9 డెసిబెల్‌లు. వీణ మంద్రమునకును, తాళపు చప్పుడునకును గల పాళ్లు మారిపోవుటకు ఇంత చాలును. అంతర్నిరోధము 1 ఓము మాత్రమే అయినచో భేదము 0.3 డెసిబెల్‌కు లోపుగా ఉండును. హెడ్‌ఫోను అవరోధములో ఆంప్లిఫైయరు అంతర్నిరోధము ఎనిమిదవ వంతునకు మించకుండుట మేలని అనుభవజ్ఞులు చెప్పుదురు.

రెండవది వోల్టేజి. సెన్‌హైజర్ సంస్థవారి హెచ్.డి. 600 అను పెద్ద హెడ్‌ఫోను అవరోధము 300 ఓములు. దానికి 1 వోల్టు ఇచ్చినప్పుడు 97 డెసిబెల్‌ల ధ్వని వచ్చును. అర వోల్టు మాత్రమే ఇవ్వగల ఫోనుతో 91 డెసిబెల్‌లకు మించదు. కచేరీలో మెల్లని ఆలాపన వినదగినట్లు ఉంచి, మృదంగపు దెబ్బ చెదరకుండ వినిపింపవలెనన్నచో ఇది చాలదు. వి20 వరుస ఫోనులు హెడ్‌ఫోనును గుచ్చినంతనే దాని అవరోధమును కొలిచి, సుమారు 50 ఓములకు మించినచో వోల్టేజి హద్దును దాదాపు 2 వోల్టులకు పెంచుచుండెను. పెట్టెపైని బిట్లకంటె ఈ ఏర్పాటు విలువైనది.

తీగ లేని హెడ్‌ఫోనులు వాడువారు ఒక విషయము గమనింపవలెను. బ్లూటూత్ ద్వారా పోవునవి అంకెలే. వానిని తరంగముగా మార్చు పరివర్తకమును, ఆంప్లిఫైయరును హెడ్‌ఫోనులోనే ఉండును. ఫోనులోని గొప్ప పరివర్తకము అప్పుడు పనిలేక కూర్చుండును. 3.5 మిల్లీమీటర్ల గుంట లేని ఫోనులకు తగిలించు చిన్న తీగలు అనేకములలోను ఇట్లే పరివర్తకము తీగలోనే ఇమిడియుండును. కనుక ఖరీదైన ఫోనునకై అప్పుచేయుటకు ముందు, తాము వినునది దేనితోనో విద్యార్థులు ఆలోచింపవలెను.

శక్తియు ప్రమాదమును

ఇంతవరకు చెప్పిన లెక్కకు మరియొక ముఖము కలదు. చెవిలో దూర్చెడు చిన్న ఇయర్‌ఫోను ఒకటి తీసికొందము. దాని అవరోధము 32 ఓములు. 1 మిల్లీవాటు శక్తికి 100 డెసిబెల్‌ల ధ్వని నిచ్చును. దానికి 1 వోల్టు ఇచ్చినచో శక్తి 1/32 వాటు, అనగా 31 మిల్లీవాట్లు. శక్తి 31 రెట్లగుట 15 డెసిబెల్‌ల పెరుగుదల. మొత్తము 115 డెసిబెల్‌లు! పెద్ద హెడ్‌ఫోనునకు చాలీచాలని వోల్టేజి, చిన్న ఇయర్‌ఫోనులో చెవిని గాయపరచు ధ్వనిగా మారును.

చెవిలోపల నత్తగుల్లవంటి భాగములో సుమారు 15,000 రోమకణములు కలవు. గాలి కంపనములను నాడీ సంకేతములుగా మార్చునవి ఇవియే. మితిమీరిన ధ్వనికి ఇవి నశించును. చర్మము వలె, గోరు వలె ఇవి మనుష్యునిలో తిరిగి పెరుగవు. నొప్పి తెలియదు. మొదట పై పౌనఃపున్యములు వినబడవు. తరగతిలో ఉపాధ్యాయుడు పలుకు "స", "శ" వంటి అక్షరములు అస్పష్టమగును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము పెద్దలు 80 డెసిబెల్‌ల ధ్వనిని వారమునకు 40 గంటలవరకు వినవచ్చును. పిల్లలకు ఆ హద్దు 75 డెసిబెల్‌లు. ప్రతి 3 డెసిబెల్‌ల పెరుగుదలకు శక్తి రెండింతలగును గనుక కాలము సగము కావలెను. 90 డెసిబెల్‌లకు వారమునకు 4 గంటలు. 100 డెసిబెల్‌లకు 24 నిముషములు. 115 డెసిబెల్‌లకు నిముషమైనను నిండదు.

బస్సులో రొదను మించి వినవలెనని ధ్వనిని పెంచుట సాధారణముగా జరుగునది. అచ్చట చెవిని బాగుగా మూసి బయటి రొదను తగ్గించు హెడ్‌ఫోనును వాడుట మేలు. ఉత్తమమైన ఫోను సొగసు తెలియునది సద్దు లేనిచోట, తక్కువ ధ్వనిలోనే. మరియు రెండు ఫోనులను పోల్చునప్పుడు రెంటి ధ్వనిని సమానముగా ఉంచి, ఏది మ్రోగుచున్నదో తెలియకుండ మిత్రునిచే మార్పించి వినవలెను. ఏలయన, ఏ కొంచెము బిగ్గరగా ఉన్నదియైనను చెవికి మేలైనదిగా తోచును. ఉపాధ్యాయులు ఈ పరీక్షను తరగతిలో చేయించినచో, కొలత లేని అభిప్రాయమునకును, కొలిచి తెలిసికొన్న సత్యమునకును గల భేదము విద్యార్థులకు ఒక్క గంటలో బోధపడును.

పరివర్తకము పాడైనచో కొత్తది కొనవచ్చును. హెడ్‌ఫోను తెగినచో అతికింపవచ్చును. ఈ గొలుసులో చిట్టచివరి కొలికి చెవి. దానికి మారు సరకు ఏ అంగడిలోను దొరకదు.